తెర వెనక పట్టీ

కాక్‌పిట్‌లో తెరలు ఎవరు చేస్తారని అడిగితే చాలామంది బోయింగ్ అనో, ఎయిర్‌బస్ అనో అంటారు. వాళ్లు కట్టేది విమానం. తెరలు బయటి కంపెనీల నుంచి తెప్పించుకుంటారు. శంషాబాద్‌లో ఏవియానిక్స్ పని చేసే నాకు కొల్లాపూర్ పోయిన ప్రతిసారీ మేనల్లుడితో ఇదే పంచాయితీ. "మామా, ఇమానంల టీవీలు ఎవలు జేస్తరు? పేరు జెప్పు." ఒక్క పేరుతో తెగదురా అంటాను. మన కొల్లాపూర్ మామిడి హైదరాబాద్‌లో బండెక్కితే అది వట్టి బంగినపల్లే. ఏ తోటదో అమ్మేవాడికీ తెలియదు.

ఎయిర్‌బస్ ఏ320లో ఎల్‌సీడీ తెరలు ఫ్రాన్స్ కంపెనీ థేల్స్‌వి. ఏటీఆర్ 72-600లోనూ వాళ్లవే. బోయింగ్ 737-800లో ఆరు తెరలూ హనీవెల్‌వి. అదే 737, మ్యాక్స్ అయ్యేసరికి బోయింగ్ కంపెనీని మార్చి 15.1 అంగుళాల తెరలు నాలుగు రాక్‌వెల్ కాలిన్స్ దగ్గర తీసుకుంది. 787కూ కాలిన్సే. హనీవెల్‌కూ కాలిన్స్‌కూ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ సెంటర్లున్నాయి. అలాగని తెరలు ఇక్కడే తయారవుతాయని అనుకోవద్దు.

పైలట్ కూర్చునే వైపు నుంచి చూస్తే ఇవేవీ తెలియవు. యూనిట్‌ను బయటికి లాగి, దాని ఒంటికి అంటించిన పట్టీ చదవాలి. అక్కడా పేరును పూర్తిగా నమ్మలేం. థామ్సన్-సీఎస్ఎఫ్ 2000లో థేల్స్ అయింది. రాక్‌వెల్ కాలిన్స్ 2018లో కాలిన్స్ ఏరోస్పేస్ అయింది. పాత యూనిట్ మీద పాత పేరే ఉంటుంది. అందుకే మా కళ్లు ముందు పార్ట్ నంబరు మీదికి, ఆ తర్వాత తయారీదారును గుర్తుపట్టే ఐదక్షరాల కేజ్ కోడ్ మీదికి పోతాయి.

ఉదాహరణకు, రాత్రి దిగిన ఏ320 టెక్ లాగ్‌లో కెప్టెన్ వైపు నావిగేషన్ తెర ఖాళీ అయిందని రాసి ఉంటుంది. ముందు చూడాల్సింది, ఎలా ఖాళీ అయిందని. తెర పూర్తిగా నల్లబడితే అనుమానం తెర మీదే. అడ్డంగా ఏటవాలు గీత ఒకటి కనిపిస్తే తెర బాగానే ఉంది, దానికి బొమ్మ పంపే డీఎంసీ కంప్యూటర్ పని చెయ్యట్లేదు. ఈ చిన్న తేడా చూడకుండా తెర మార్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏ320లో ఆరు తెరలూ ఒకటే రకం కాబట్టి కెప్టెన్‌ది, కో-పైలట్‌ది అటూ ఇటూ మార్చి చూస్తాం. లోపం తెర వెంట పోతే తెరదే. అక్కడే ఉండిపోతే కంప్యూటర్‌దో, వైరింగ్‌దో. కరెంటు తీసి, చేతికి స్టాటిక్ పట్టీ కట్టుకుని, కనెక్టర్ పిన్నుల్లోకి టార్చి వేసి చూడాలి. ఒక్క పిన్ను వంగి ఉన్నా కొత్త తెర కూడా వెలగకపోవచ్చు. స్టోర్స్ నుంచి వచ్చిన పార్ట్ నంబరు ఆ విమానానికి చెల్లుతుందా అని పార్ట్స్ క్యాటలాగ్‌లో 31వ అధ్యాయం తీసి చూడాలి. పెట్టెలో రిలీజ్ సర్టిఫికెట్ లేకపోతే అది ఎంత మెరుస్తున్నా మాకు పనికిరాదు.

ఇంత చాదస్తం ఎందుకని కొత్త పిల్లలు అడిగితే 2014 సంగతి చెబుతాను. వైఫై అమర్చే పనిలో భాగంగా చేసిన పరీక్షల్లో, 737, 777 విమానాల్లోని హనీవెల్ ఫేజ్ 3 రకం తెరలు రేడియో తరంగాలు తగిలి ఖాళీ అయ్యాయి. వాటిని మార్చాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశం ఇచ్చింది. అమెరికాలోనే 1,300కు పైగా విమానాలకు అది వర్తించింది. అదే హనీవెల్ చేసిన ఫేజ్ 1, ఫేజ్ 2 తెరలను తీయమనలేదు. కంపెనీ ఒకటే, విమానం ఒకటే, బయటికి కనిపించే అద్దమూ ఒకలాంటిదే. ఏ విమానంలో ఏ నంబరుందో రికార్డుల్లో సరిగ్గా రాసుకున్నవాళ్లు కాగితాలు తిరగేసి తేల్చుకున్నారు. రాసుకోనివాళ్లు ఒక్కో తెరా బయటికి లాగి పట్టీ చదువుకోవాల్సిందే.