అక్కయ్య తుపాకీ బేరం

అక్కయ్యతో చీరల కొట్టుకి ఒకసారి వెళ్ళినవాళ్ళు రెండోసారి వెళ్ళరు. నేనొక్కదాన్నే మినహాయింపు. అరవై చీరలు విప్పించి, అంచు నచ్చితే రంగు నచ్చక, రంగు నచ్చితే కొంగు నచ్చక, ఆఖరికి మొట్టమొదట చూసిన చీరే కొనుక్కునే మనిషి. అలాంటి మనిషి కిందటేడు అక్టోబరులో, నేను అమెరికాలో దిగిన మూడో రోజు పొద్దున్నే కాఫీ చేతికిస్తూ, "తొందరగా స్నానం చేసెయ్యవే, తుపాకీల కొట్టుకి వెళ్ళాలి" అంది.

మీరు కంగారుపడకండి. నేనూ పడలేదు - పైకి. ఎందుకంటే ఆ సంగతి నాకు ముందే తెలుసు. నేను ఇక్కడ విమానం ఎక్కకముందే అక్కయ్య కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, అమ్మ తుపాకీ కొంటానంటోంది. నువ్వెలాగైనా మాన్పించాలి. నాన్న పోయాక ఒక్కత్తే ఉంటోంది కదా ఆ ఇంట్లో..." అని, ఆ మాట అక్కడే వదిలేసి, మా ఊళ్ళో వానలు పడుతున్నాయా అని అడిగాడు. నవలలు రాసుకుని బతికేదాన్ని. సగంలో ఆగిపోయిన మాటలు నాకు పూర్తిగానే వినిపిస్తాయి.

అక్కయ్యకి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో కాపురం. కోడిగుడ్డు కూడా గుమ్మం దాటి లోపలికి రానివ్వదు. మనిషి కొలిస్తే అయిదడుగులు. బావగారు పోయి అప్పటికి ఏడాదిన్నర.

బావగారికి ఆదివారాల పిచ్చి ఒకటుండేది. దాన్ని సిలువెట్ షూటింగ్ అంటారు. ఉక్కుపలకల్ని జంతువుల ఆకారంలో కత్తిరించి, గట్ల మీద వరసగా నిలబెడతారు. దగ్గర్లో కోళ్ళు, తర్వాత అడవిపందులు, ఆ వెనక టర్కీకోళ్ళు, అన్నిటికన్నా దూరాన పొట్టేళ్ళు. అయిదేసి చొప్పున, ఎడమ నుంచి కుడికి, నిలబడి కొట్టాలి. దేనికీ ఆనుకోకూడదు. బావగారు ఆడే చిన్న తుపాకీల పోటీలో కోళ్ళు నలభై మీటర్ల దూరంలో ఉంటాయి, పొట్టేళ్ళు వంద మీటర్లలో. కోడి అంటే పెరట్లో తిరిగే కోడి అనుకునేరు, రెండు మూడంగుళాలకి మించదు. వందమీటర్ల పొట్టేలు జానెడైనా ఉండదు.

ఇది మెక్సికోలో పుట్టిన ఆట. మొదట్లో ప్రాణమున్న మేకల్నీ కోళ్ళనీ కట్టేసి కొట్టేవారట. 1948లో అక్కడే ఉక్కుబొమ్మలు వచ్చాయి. అవి సరిహద్దు దాటి అమెరికాకి వచ్చి, 1973 నాటికి జాతీయ స్థాయి పోటీలయ్యాయి. ఇప్పటికీ ఆ మైదానాల్లో ఇంగ్లీషువాళ్ళు కూడా "లిస్తో" అంటే సిద్ధం, "ఫుయేగో" అంటే కాల్చు, అని స్పానిష్‌లోనే కేకేస్తారు. పేరంటాళ్ళ పాటలు మర్చిపోయినా పల్లవి మాత్రం మిగిలినట్టు.

ఈ ఆటలో ఒక్కటే షరతు. బొమ్మ పడాలి. గుండు తగిలి ఖంగున మోగినా, పడకపోతే లెక్కలోకి రాదు.

ఆ ఆదివారాల్లో అక్కయ్య పులిహోర కట్టుకుని వెంట వెళ్ళేది. మొదట కారులో కూర్చుని వారపత్రికలు చదువుకునేది. తర్వాత దుర్భిణి పట్టుకుని ఆయన పక్కన నిలబడి, గుండు ఎక్కడ తగిలిందో చెప్పేది. అలా సాయం చేసే మనిషిని పక్కన ఉంచుకోవడం ఆ ఆటలో ఒప్పే. బావగారు పోయాక ఆయన స్నేహితులు "నువ్వు రావడం మానకమ్మా" అని పిలుచుకెళ్ళి, తమ తుపాకులే అరువిచ్చి ఆడించారు. ఇప్పుడు తనకంటూ ఒకటి కావాలంటోంది. అదీ భోగట్టా.

కొట్టులో నాకు మొదటే చుక్కెదురైంది. నేనూ తక్కువదాన్ని కాదు, డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి. పిల్లని. బోర్లా పడుకుని పాయింట్ టూటూ రైఫిలుతో అయిదు తూటాలు పేల్చినదాన్ని - మూడు కాగితం మీద, రెండు మట్టిదిబ్బలో. ఆ గర్వంతో చెయ్యి చాపాను. కొట్టాయన పెద్దవాడు, మర్యాదస్తుడు. మీరు చుట్టపుచూపుగా వచ్చారా అని అడిగి, తుపాకీని మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. సందర్శకుల వీసా మీద వచ్చినవాళ్ళు, వేట లైసెన్సులాంటి మినహాయింపు ఏదో ఉంటే తప్ప, ఆ దేశంలో తుపాకీ గానీ తూటా గానీ చేతపట్టకూడదు. మడి కట్టుకున్న మామ్మ ఊరగాయ జాడీ దగ్గర నిలబడ్డ పిల్లలా, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

అన్నట్టు, అక్కడ వెయ్యి రకాల తుపాకులున్నా మాకు కావలసింది ఒక్క జాతే. బావగారు ఆ పోటీ లీవరు తుపాకీతోనే ఆడేవారు. 1971లో వచ్చిన కృష్ణగారి "మోసగాళ్ళకు మోసగాడు" టీవీలో చూసినవాళ్ళకి ఆ వాటం తెలిసే ఉంటుంది. ట్రిగ్గరు చుట్టూ ఉన్న లోహపు చుట్టుని కిందికి తోసి మళ్ళీ పైకి లాగితే, కాలిన గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికి పోతుంది. తూటాలు గొట్టం కింద ఇంకో సన్నగొట్టంలో ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉండాలి. దూరాన్ని దగ్గర చేసి చూపించే టెలిస్కోపు పనికిరాదు, వెనక చిన్న చిల్లు, ముందు చిన్న పుల్ల, అంతే. తూటా మా ఎన్.సి.సి. తూటాయే, 1887 నాటి నుంచీ ఉన్నది. పెద్ద తూటాలకి రాజుకునే మందు అడుగున నట్టనడుమ ఉంటుంది. దీనికి అంచు మడతలో చుట్టూతా ఉంటుంది, సుత్తి అంచుమీద కొట్టాలి. అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. భుజం అదరదు, చెవులు పగలవు, ధర కూడా నయం.

కొట్టాయన నాలుగు తీసి బల్లమీద పెట్టాడు. ఒక్కోటీ ఖాళీగా ఉందని రెండేసిసార్లు తెరిచి చూపించాడు. గోడమీది దుప్పితల చూపించి "దాని కన్నుకి గురిపెట్టి చూడండి" అన్నాడు. "పాపం, దాన్నెందుకూ" అని అక్కయ్య పక్కనున్న గడియారంలో ఆరంకెకి గురిపెట్టింది.

మొదటిది హెన్రీ. 1997 నుంచీ అమ్ముతున్నది. అయిదుంపావు పౌన్లు, పద్ధెనిమిదిన్నర అంగుళాల గొట్టం. ఎత్తడం సుఖం. రెండోది బ్రౌనింగ్ కంపెనీ వారి బి.ఎల్. 22, తయారీ జపానులో. ఇంకా తేలిక, అయిదు పౌన్లే. దాని లీవరు ముప్ఫైమూడు డిగ్రీలు తిప్పితే చాలు, వేళ్ళు కదిపినట్టే ఉంటుంది. అక్కయ్య ముఖం వెలిగింది. నాకూ అదే నచ్చింది, సన్నగా, కుదురుగా, కొత్తకోడలిలా ఉంది. కానీ గడియారం మీద గురి నిలబెట్టి ముప్ఫై లెక్కపెట్టమన్నాడు కొట్టాయన. పన్నెండు అంకె వచ్చేసరికి గొట్టం కొస ఆరు మీంచి అయిదుకి, అయిదు మీంచి ఏడుకి, ఈగలా తిరగడం మొదలుపెట్టింది.

"తేలికైనది ఎత్తడానికి బాగుంటుంది, ఆపడానికి కాదు" అన్నాడాయన. ముందువైపు కొంచెం బరువుంటే గాలికీ ఊపిరికీ అంత తొందరగా చలించదట. మరీ బరువైతే నలభై గుండ్లు పేల్చేసరికి చెయ్యి పడిపోతుంది. పిండివంటలో పాకంలాగ, ఆ మధ్య ఎక్కడో ఉంటుంది సంగతి.

మూడోది వించెస్టర్ 9422. 1972 నుంచి 2005 దాకా చేసిన పాతకాలపు సరుకు, ఆరుంపావు పౌన్లు. ముప్ఫై లెక్కపెట్టేదాకా ఆరంకె దాటలేదు. అదే ఖాయం చేస్తుందనుకున్నాను. కొట్టాయన అక్కయ్యతో నింపించవలసిన ఫారం కూడా తీసి బల్లమీద పెట్టాడు. నేను గొంతు సవరించుకున్నాను, మేనల్లుడికిచ్చిన మాట ప్రకారం మాన్పించే ప్రయత్నం ఇప్పుడైనా మొదలుపెడదామని.

కానీ అక్కయ్య నాలుగోదాని వంక చూస్తోంది. మార్లిన్ 39ఎ. ఇరవైనాలుగు అంగుళాల గొట్టం, ఆరున్నర పౌన్లు. దాని వంశం 1891 నాటిది. అనీ ఓక్లీ అని, తుపాకీ గురికి లోకమంతా పేరుపడ్డ అయిదడుగుల మనిషి, ఆ మార్లిన్లూ వాడింది. 2020లో ఆ కంపెనీ పేరూ హక్కులూ రూగర్ వాళ్ళు కొనుక్కున్నారు. బల్లమీదున్నది ఎవరో వాడి అమ్ముకున్నది.

అక్కయ్య దాన్ని భుజానికెత్తింది. ముప్ఫై లెక్కపెట్టాక కూడా దించలేదు. గొట్టం గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది. దించి, "మా ఆయనది ఇదే" అంది. "నాకు పొడుగు."

కొట్టాయన మడమని ఆవిడ మోచేతి మడతలో ఆనించి చూశాడు. చెయ్యి చాపితే చూపుడువేలి కణుపు ట్రిగ్గరు మీదికి రావాలి. గోరు కూడా అందలేదు. "మీవారిది ఇంట్లో ఉంటే ఇంకొకటి కొనడమెందుకు? మడమ దగ్గర అంగుళం కోసేస్తే సరిపోతుంది" అన్నాడు. తన బేరం తనే చెడగొట్టుకునే వ్యాపారిని నేను మా బెజవాడలో చూడలేదు.

అక్కయ్య ఏమీ అనకుండా కారెక్కింది.

ఆ రాత్రి గోంగూర పచ్చడి, అన్నం తిన్నాం. నేను ధైర్యం చేసి, "ఆయన వస్తువు, కొయ్యకే. కావాలంటే ఆ వించెస్టర్ కొనుక్కో" అన్నాను. అంటే చూడండి, మాన్పించడానికి వెళ్ళిన మనిషిని!

"మొదట్లో ఇక్కడికొచ్చినప్పుడు ఆయన ప్యాంట్లు కత్తిరించి పిల్లాడికి లాగులు కుట్టాను. అప్పుడేమీ అనలేదాయన. ఇప్పుడేమంటారు?" అంది. లేచి వెళ్ళి ఓ చిన్న నోటుపుస్తకం తెచ్చింది. బావగారి తెలుగు అక్షరాలు, చీమల బారులు. కోడి, పంది, టర్కీ, పొట్టేలు. ఒక్కో దూరానికి వెనక చిల్లుని ఎన్ని గీతలు పైకి జరపాలో లెక్కలు. ఏ రకం తూటా ఈ తుపాకీకి పడుతుందో, ఏది పడదో. ఒకే అచ్చున చేసినవైనా ఒకదానికి నచ్చిన తూటా ఇంకోదానికి నచ్చదట. అయిదేసి పేల్చి, కాగితం మీద చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో కొలిచి కనుక్కోవలసిందే. "ఈ లెక్కలన్నీ దీనికే పనికొస్తాయి. ఇంకోటి కొంటే మళ్ళీ మొదటి నుంచీ మొదలు. నాకంత ఓపిక లేదు."

నేను మాట్లాడలేదు. అక్కయ్య కంచాలు తీస్తూ, వీపు నావైపు తిప్పి అంది:

"వాడు నిన్నెందుకు పంపాడో నాకు తెలుసులేవే. ఆ తుపాకీ ఈ ఇంట్లో లేదు. ఆయన పోయిన పదమూడో రోజున నేనే ఆయన స్నేహితుడిని పిలిచి తీసుకుపొమ్మన్నాను. అప్పట్నుంచీ వాళ్ళింట్లో బీరువాలోనే ఉంది. తాళం వాళ్ళ దగ్గరే. ఎందుకని అడక్కు. ఇప్పుడు కూడా అక్కడే ఉంటుంది. ఆదివారం తెచ్చుకుంటాను, ఆదివారం ఇచ్చేస్తాను."

నేను అడగలేదు. గిన్నెలు తుడిచాను. చాలాసేపు ఒకే గిన్నె తుడిచానని తర్వాత అక్కయ్యే చెప్పింది.

మర్నాడు ఆ స్నేహితుడే తుపాకీ తీసుకొచ్చాడు. కొట్టాయన మడమకి టేపు చుట్టి, గీత గీసి, రంపం పెట్టాడు. వాల్‌నట్ కర్ర, కోస్తుంటే వాసన బాగుంది. అక్కయ్య పక్కకి తిరుగుతుందనుకున్నాను. తిరగలేదు, గీత వంకరపోకుండా చూస్తూ నిలబడింది. కోసిన చోట మళ్ళీ పలక బిగించి, మోచేతికి ఆనించి చూశాడు. కణుపు సరిగ్గా ట్రిగ్గరు మీదికి వచ్చింది. తెగిన ముక్కని అక్కయ్య చేతిసంచిలో వేసుకుంది. ఏ దేవుడి గూట్లోనో పెడుతుందేమో అని నేను కథ అల్లుకుంటుంటే, ఇంటికి రాగానే కుంటుతున్న గ్రైండరు కాలి కింద పెట్టి, పప్పు రుబ్బేసింది.

ఆదివారం మైదానానికి వెళ్ళాం. తుపాకీ ముట్టుకునే యోగం లేకపోయినా దుర్భిణి ముట్టుకోవచ్చు కదా. అక్కయ్య పాత ఉద్యోగం నాకొచ్చింది. పక్కన నిలబడి, "కొంచెం ఎడమకి పోయిందే... కిందకి తగిలింది... ఆఁ, పడింది, పడింది!" అని తెలుగులో అరుస్తుంటే, అటూ ఇటూ ఉన్న టోపీలవాళ్ళంతా ముసిముసిగా నవ్వుకున్నారు. బావగారి బతుకంతా వాళ్ళు ఆ మాటలు విన్నవాళ్ళే. వాళ్ళలో ఒకాయన "పడింది" అని తనూ అన్నాడు, యాసతో.

నలభై గుండ్లకి పదకొండు బొమ్మలు పడ్డాయి. ఎక్కువ కోళ్ళే. ఆఖరి పొట్టేలుకి గుండు తగిలి గుడిగంటలా మోగింది, నిలబడే ఉంది.

"పడిందా?"

"మోగింది. పడలేదు."

"ఎక్కడ తగిలింది?"

"కాళ్ళ దగ్గర."

అక్కయ్య నోటుపుస్తకం తీసి, బావగారు పొట్టేలుకి వేసుకున్న లెక్క పక్కన, "నాకు ఒక గీత ఎక్కువ" అని రాసుకుంది.

దార్లో తుపాకీ స్నేహితుడి ఇంట్లో ఇచ్చేసి, ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. మేనల్లుడి ఫోన్ నేనే ఎత్తాను. జరిగినదంతా చెప్పాను, బీరువా సంగతితో సహా. వాడు కాసేపు ఏమీ అనలేదు. వానల గురించి అడుగుతాడేమో అనుకున్నాను.

"ఎన్ని పడ్డాయి పిన్నీ?" అన్నాడు.

"పదకొండు" అన్నాను.

వంటింట్లోంచి అక్కయ్య కేకేసింది: "పన్నెండని చెప్పవే, ఆ పొట్టేలు సగం పడింది!"