నులక మంచం లాంటి బండి

రండి, నెగడు దగ్గరికి జరిగి కూర్చోండి. పుల్లలు ఇంకా పచ్చిగా ఉన్నాయి, పొగ మీ వైపే వస్తోంది. ఆ బండరాయి మీదికి మారితే సరి. ఇవాళ మీకు మా జిప్సీ సంగతి చెప్పాలి. అదిగో, చింతచెట్టు కింద నిలబెట్టాను చూడండి, అదే. చూసినవాళ్లంతా ముందుగా అడిగే మాట ఒకటుంది: "ఎంత ఎత్తు లేపించారు?" చక్రం ఎంత కిందికి దిగుతుందని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో అసలు అడగాల్సింది అదే.

మా అమ్మమ్మ వాళ్లింట్లో ఒక నులక మంచం ఉండేది. వాకిట్లో ఎక్కడ వాల్చినా నాలుగు కోళ్లూ నేలకి ఆనేవి. వాకిలి చదునుగా ఉండేదనుకుంటున్నారేమో, అదేం లేదు, అంతా ఎగుడుదిగుడే. కోళ్ల బెజ్జాల్లో పట్టెలు కాస్త వదులుగా కూర్చునేవి, అందుకని పల్లం ఉన్న వైపుకి మంచమే మెలితిరిగి సర్దుకునేది. లోపలి గదిలోని టేకు మంచం అలా కాదు. గచ్చు మీద రాజాలా ఉండేది, దాన్నే వాకిట్లో వేస్తే ఒక కోడు గాల్లో తేలి, పడుకున్నవాడు కదిలినప్పుడల్లా టకటకమనేది. కొండదారిలో బండికి కావాల్సింది ఆ నులక మంచం గుణం. బండి మనుషులు దాన్నే ఫ్లెక్స్ అంటారు. కూడళ్లలో కట్టే ఫ్లెక్సీ సంగతి కాదండోయ్, ఒక చక్రం రాయి ఎక్కుతుంటే ఇంకోటి గుంతలోకి దిగగలిగే గుణం.

చక్రం గాల్లో ఉంటే ఏమైంది, ఫోర్ వీల్ డ్రైవ్ వేశాం కదా అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మామూలు డిఫరెన్షియల్ కుడికీ ఎడమకీ ఒకటే బలం పంచుతుంది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి పిసరంత బలం చాలు. దానికి పిసరంతే అందితే, నేల మీదున్న దాని జతకీ ఆ పిసరంతే అందుతుంది. ముందు కుడి చక్రం, వెనక ఎడమ చక్రం ఐమూలగా తేలిపోయాయంటే ఇంజను ఎంత అరిచినా బండి అంగుళం కదలదు.

జిప్సీ మన దేశంలో 1985లో వచ్చింది. మొదట 970 సీసీ ఇంజను, 1996 నుంచి కింగ్ పేరుతో 1.3 లీటర్లది, 2019 దాకా మార్కెట్లో దొరికింది. సైన్యం ఏళ్ల తరబడి నడిపిన బండి. నిచ్చెనలాంటి ఛాసిస్, ముందూ వెనకా రెండేసి చక్రాల్ని ఒకే దూలంలా కలిపే గట్టి హౌసింగులు, నాలుగు మూలలా కమాన్ కట్టలు. ఇప్పటి జిమ్నీకీ అలాంటి గట్టి హౌసింగులే, కాకపోతే కాయిల్ స్ప్రింగులు. ఈ గట్టి హౌసింగులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. ఒక చివర చక్రం రాయి మీదికెక్కి ఇక పైకి పోలేనంతగా ఆగిపోతే, అక్కణ్నుంచి అదే ఇరుసై రెండో చివరని కిందికి తొక్కుతుంది. విడివిడిగా ఊగే ఇండిపెండెంట్ సస్పెన్షన్లో చక్రాల మధ్య ఆ సాయం ఉండదు.

ఇంత మంచి బండిని నేను పాడుచేశానంటే నమ్మండి. ఎత్తు కావాలన్న ఆశతో కట్టకో పట్టీ అదనంగా వేయించాను, కట్టని ఛాసిస్‌కి తగిలించే షాకిళ్లు పొడుగువి పెట్టించాను, పెద్ద టైర్లు తొడిగించాను. చూడటానికి ఎంత బాగుండేదో! మారేడుమిల్లి అవతల ఎండిపోయిన వాగొకటి దాటుతుంటే, వాన కోసేసిన గుంతలో ఐమూలగా చిక్కుకుంది. వెనక ఎడమ టైరు నేలకి జానెడు ఎత్తులో ఊరికే తిరుగుతోంది. అప్పుడే సంతకి పోతున్న కమాండర్ జీపు వచ్చింది. లోపల కిక్కిరిసిన జనం, పైన బస్తాలు. నా పక్కనుంచే, అదే గుంతలోంచి, అటూ ఇటూ ఊగుతూ మెల్లగా దాటిపోయింది. డ్రైవరు మళ్లీ దిగొచ్చి తాడు కట్టి నన్ను లాగాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "బండిలో బరువెక్కించుకో అన్నా, దిగుతాది" అని వెళ్లిపోయాడు.

ఆ మాట అర్థం కావడానికి విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడ కమాన్ల షెడ్డులో ఒక పెద్దాయన బండిని చుట్టూ చూడకుండా నేరుగా కిందికి దూరాడు. నన్నూ రమ్మన్నాడు. షాక్ అబ్జార్బరు మీద టార్చి వేసి, "రాడ్డు చూడు బాబూ, నిలబడి ఉన్నప్పుడే మొత్తం బయటికొచ్చేసింది. ఇంక దిగటానికేముంది? అంగుళం. ఎత్తు పెంచావు గానీ కాళ్లు కట్టేశావు" అన్నాడు.

వాగులో జరిగిందంతా ఆ టార్చి వెలుగులో అర్థమైంది. చక్రానికి పైకి పోయే దారి ఒకటి, కిందికి దిగే దారి ఒకటి. బరువుతో ఉన్న కమాండర్ జీపు కమాన్లు సగం అణిగి నడుమలో నిలబడ్డాయి, కాబట్టి పైకీ కిందికీ దారి మిగిలింది. నా ఖాళీ జిప్సీ బిరుసు కట్టల మీద, పాత పొట్టి షాకులతో, దిగే దారంతా నిలబడటానికే ఖర్చు చేసేసింది. లిఫ్ట్ చేసిన బండ్లలో నేను చూసిన జబ్బు ఎక్కువగా ఇదే. ఎత్తు దేనికంటే పెద్ద టైరు పట్టడానికీ, చక్రం లేచినప్పుడు చోటు ఉండటానికీ. దానంతట అది ఫ్లెక్స్ ఇవ్వదు.

"బాబాయ్, మరిప్పుడేం చేద్దాం?" అంటే, ముందు కట్టలు విప్పుదాం అన్నాడు. విప్పితే పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఊడింది. కమాన్ అణిగినప్పుడల్లా పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి, తుప్పు పడితే అవన్నీ కలిసి ఒకే దిమ్మెలా పనిచేస్తాయి. బ్రష్షుతో గీకి, గ్రాఫైటు గ్రీజు పూసి, నేను వేయించిన అదనపు పట్టీ తీసి పక్కన పడేశాడు. లావు పట్టీలు కొన్నింటికి బదులు పల్చనివి ఎక్కువ వేసి అదే ఎత్తు తెచ్చాడు. ఇందులో లెక్క అందమైనది: పట్టీ మందం సగం చేస్తే దాని బిగువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. పల్చని పట్టీలు కట్టలో కొన్ని ఎక్కువ వేసినా మెత్తగా ఉండేది అందుకే. పట్టీలని కలిపి పట్టే క్లిప్పులనీ కొంచెం వదులు చేశాడు. అవి మరీ బిగుతుగా ఉంటే చక్రం దిగేటప్పుడు కట్ట విచ్చుకోదు. పూర్తిగా తీసేస్తే బరువంతా పెద్ద పట్టీ మీద పడి అది విరుగుతుంది.

షాకిళ్ల సంగతి చాలామందికి తెలియదు. కమాన్ అణిగితే సాగుతుంది, వేలాడితే కురచవుతుంది, ఆ తేడాకి షాకిలు ఊగి చోటివ్వాలి. అది ఛాసిస్‌కి ఆనుకుపోయినా, తిరగబడేలా ఉన్నా కమాన్ కదలదు. షాకిలు రెండంగుళాలు పెంచితే బండి లేచేది అంగుళమే. ముందు వైపు పెంచితే క్యాస్టర్ కోణం మారి రోడ్డు మీద స్టీరింగ్ నిలవదు. మా బండికి పాత కొలతకి దగ్గరగా ఉన్నవే మళ్లీ వేశాడు.

ఇక షాకులు. దయచేసి కేటలాగు చూసి కొనకండి, కొలిచి కొనండి. పాతవి విప్పేసి, బండిని ఐమూలగా ఎక్కించి, చక్రం పూర్తిగా పైకి పోయినప్పుడు పై బోల్టుకీ కింది బోల్టుకీ మధ్య దూరం, పూర్తిగా దిగినప్పుడు దూరం రాసుకోండి. కొత్త షాకు మూసుకున్న పొడవు మొదటి అంకె కన్నా తక్కువుండాలి, తెరుచుకున్న పొడవు రెండోదాని కన్నా ఎక్కువుండాలి. పైన బంప్ స్టాప్ రబ్బరు ముందు తగలాలి, షాకు అడుగంటడం దాని తర్వాతి మాట. లేకపోతే మొదటి గుంతలోనే షాకు బిగించిన చోటు విరిగిపోతుంది. అదే సమయంలో బ్రేకు హోసు చూడండి. చక్రం పూర్తిగా వేలాడుతుండగా స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పితే హోసు తీగలా బిగిసిందా, పొడుగుది వేయాల్సిందే. కొండ దిగేటప్పుడు బ్రేకు హోసు తెగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రొపెల్లర్ షాఫ్టు స్లిప్ జాయింటు ఊడేంత దూరం పోతోందా అన్నదీ అప్పుడే తెలుస్తుంది. పక్కకి ఒరగకుండా పట్టే స్వే బారు ఉన్న బండి అయితే అడవిదారిలో దాని లింకు విప్పుకునే ఏర్పాటు చేసుకోవచ్చు, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ బిగించాలి.

కమాన్లని హౌసింగు కింద నుంచి పైకి మార్చేస్తే ఐదంగుళాల దాకా లేస్తుంది, అది చేయించమంటారా అని చాలామంది అడుగుతారు. జిప్సీకి కట్టలు హౌసింగు కిందే ఉంటాయి కనుక ఆ మార్పు సాధ్యమే. నేను చేయించలేదు, చేయించను కూడా. గట్టిగా రేజ్ చేసినప్పుడు కమాన్ పాములా మెలిపడి హౌసింగు ఎగిరెగిరి పడుతుంది, దాన్ని ఆపడానికి ఇంకో బారు వెల్డింగు చేయాలి, స్టీరింగ్ రాడ్ల కోణం చెడుతుంది. దీనికి తోడు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, ఆర్‌సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. ఎంత చిన్న మార్పైనా ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లనీ అడగండి.

ఫ్లెక్స్ కొలవడానికి ఒక పద్ధతి ఉంది. 20 డిగ్రీల వాలు మీదికి ముందు చక్రం ఒక్కటే ఎక్కిస్తారు. మిగతా మూడూ నేల వదలకుండా వాలు వెంట ఎంత దూరం ఎక్కిందో చూసి, దాన్ని వీల్‌బేసుతో భాగించి వెయ్యితో హెచ్చిస్తారు. జిప్సీ వీల్‌బేసు 2375 మిల్లీమీటర్లు. 1425 ఎక్కిందంటే 600 మార్కులు. అంకె ముచ్చటగానే ఉంటుంది గానీ, నేను దానికన్నా ముందూ వెనకా పొత్తు చూస్తాను. వెనక కట్టలు ఎంత మెత్తగా ఉన్నా ముందువి బిరుసుగా ఉంటే బాడీ ముందు హౌసింగుతోనే ఒరిగిపోతుంది, లోపల కూర్చున్నవాడి గుండె జారిపోతుంది. రెండూ తలా కొంచెం వంగే బండే నెమ్మదిగా నడుస్తుంది.

టీ చల్లారుతోంది, తాగండి. అన్నట్టు, పైసా ఖర్చు లేనిది మర్చిపోయాను. దారి మొదట్లో టైర్ల గాలి 30 నుంచి 18కి దించండి. రాయి మీద టైరే మడతపడి పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. పంపు మాత్రం వెంట ఉండాలి, తారు రోడ్డు మీద ఆ గాలితో పరిగెత్తకూడదు.

ఆటోనగర్ నుంచి వచ్చాక అదే వాగుకి మళ్లీ వెళ్లాను. అదే గుంత. ఈసారి మా తమ్ముణ్ని కింద నిలబెట్టాను. ముందు ఎడమ చక్రం రాయి ఎక్కుతుంటే వెనక ఎడమది గుంతలోకి దిగుతూ దిగుతూ పోయింది. "అన్నా, ఆనింది!" అని వాడు అరిచాడు. కాలు యాక్సిలరేటరు మీద కొంచెమే ఆనించాను. బండి ఎక్కేసింది.

రేపు పొద్దున మీరూ అక్కడ నిలబడి చూద్దురుగాని. ఆ టార్చి ఇటివ్వండి, పడుకునేముందు షాకులు ఎక్కడిదాకా తెరుచుకుంటాయో చూపిస్తాను. చాప కూడా పట్రండి, కింద మట్టి తడిగా ఉంది.