ఇంటిపేరు ఆల్కహాల్!

మార్కాపురం పలక మీద రెండు ఫార్ములాలు పక్కపక్కనే రాసి చూస్తే తేడా పెద్దగా కనిపించదు. ఒకదాని చివర ఓహెచ్, రెండోదాని చివర సీఓఓహెచ్. మొదటిది ఆల్కహాల్, రెండోది కార్బాక్సిలిక్ ఆమ్లం. పదో తరగతి పిల్లలు మార్కుల కోసం బట్టీపట్టే ఈ పాఠం పెద్దవాళ్లకూ ఎంత అవసరమో 2020 జులై ఆఖర్లో కురిచేడు గుర్తుచేసింది.

కరోనా కట్టడితో అక్కడ మద్యం దుకాణాలు మూతపడ్డాయి. అలవాటు మానలేనివాళ్లు శానిటైజర్‌ను నీళ్లలో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు. పది మందికి పైగా చనిపోయారు.

ఆల్కహాల్ అన్నది ఒక్కరి పేరు కాదు, ఇంటిపేరు. ఒకే ఇంటిపేరున్న వాళ్లందరి గుణమూ ఒకటే అవుతుందా?

మద్యంలో ఉండేది ఇథనాల్. కల్లును నాలుగు రోజులు వదిలేస్తే పులిసి ఘాటెక్కుతుంది. బ్యాక్టీరియా అందులోని ఇథనాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఇక గుణాలన్నీ వేరు. ఇథనాల్‌లో చెక్కుచెదరని నీలి లిట్మస్ ఆమ్లంలో ఎర్రబడుతుంది. వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది. ఇథనాల్ 78 డిగ్రీలకే మరిగితే ఎసిటిక్ ఆమ్లం 118 దాకా ఆగుతుంది. దాని అణువులు జంటలుగా గట్టిగా పట్టుకుని ఉంటాయి మరి! స్వచ్ఛమైన ఆమ్లమైతే 16.6 డిగ్రీలకే మంచులా గడ్డకడుతుంది. గిద్దలూరు వేసవిలో మాత్రం ఆ వింత చూడలేం.

మన కాలేయమూ ఇథనాల్‌ను చివరికి ఎసిటిక్ ఆమ్లంగానే మారుస్తుంది. దాన్ని శరీరం ఇంధనంగా వాడేసుకుంటుంది. అలాగని తాగుడు మంచిదని కాదు... ఆ పని చేసీ చేసీ పాడయ్యేది కాలేయమే.

మిథనాల్‌దీ అదే ఇంటిపేరు. అదీ రంగులేని ద్రవమే. కాలేయం దాన్నీ అదే ఎంజైముతో పట్టుకుంటుంది. కానీ చివరికి తయారయ్యేది ఫార్మిక్ ఆమ్లం. కొన్ని చీమలు కుట్టినప్పుడు చురుక్కుమనిపించేది అదే. శరీరం దాన్ని త్వరగా వదిలించుకోలేదు. కణాలు ఆక్సిజన్‌ను వాడుకోలేక విలవిల్లాడతాయి. కంటి నరం దెబ్బతింటుంది. రాత్రి తాగి మామూలుగానే పడుకున్న మనిషి మర్నాడు కళ్లు మసకలంటాడు. ఆ జాప్యమే పెద్ద మోసం!

శానిటైజర్‌లో ఉండాల్సింది ఇథనాల్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అయినా కొన్నింట్లో మిథనాల్ ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది. కల్తీ లేకపోయినా అది తాగేది కాదు. బ్రాందీలో ఆల్కహాల్ 42.8 శాతమైతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఇథనాల్ శానిటైజర్‌లో 80 శాతం.

మిథనాల్ తాగినవారికి ఆసుపత్రిలో ఫొమెపిజోల్ ఇస్తారు. అది దొరక్కపోతే వైద్యులు కొలిచి ఇచ్చేది... ఇథనాలే! ఎంజైము దానితో తలమునకలై ఉంటే మిథనాల్ ఆమ్లంగా మారడం ఆగుతుంది. ఈలోగా డయాలసిస్‌తో దాన్ని బయటికి పంపేస్తారు. ఇది ఇంట్లో చేసే వైద్యం కాదు. ఏం తాగారో, ఎన్ని గంటలైందో దాచకుండా చెప్పాలి. సీసా ఉంటే అదీ వెంట తీసుకెళ్లాలి.