652 దగ్గర ఆగిపోయిన వాదన

బేస్‌బాల్‌లో ఆట చివర్లో వచ్చి గెలుపు కాపాడే రిలీఫ్ పిచర్లలో అందరికన్నా గొప్పవాడెవరు? నా మటుకు ఇది చర్చే కాదు. మరియానో రివేరా. 1995 నుంచి 2013 దాకా యాంకీస్‌కే ఆడాడు. 652 సేవ్‌లు. 2019లో 425 మంది ఓటేస్తే 425 మందీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి పంపారు. అంతకుముందు ఎవరికీ అలా జరగలేదు. ఇంకేం కావాలి?

న్యూజెర్సీలో మా టీమ్ సీనియర్ ఒకాయన ఉన్నాడు, నేను అన్నా అంటాను. ఆయన ఒప్పుకోలేదు. "గూస్ గోసేజ్" అన్నాడు.

"310 సేవ్‌లే కదన్నా?"

"అసలు సేవ్ అంటే ఏంటి తమ్ముడూ?"

వెతికి చదివాను. 1969లో అధికారిక లెక్కల్లోకి వచ్చింది. జట్టు మూడు పరుగులు ముందుండగా, బేసులన్నీ ఖాళీగా ఉండగా వచ్చి, ఆఖరి ఇన్నింగ్స్ ఒక్కటి వేసి గెలిపించినా సేవే. గోసేజ్‌ని ఏడో ఇన్నింగ్స్‌లోనే పిలిచేవాళ్ళు. 1978లో బోస్టన్‌తో డివిజన్ ఎవరిదో తేల్చిన ఆటలో ఏడులో వచ్చాడు, ఎనిమిదిలో రెండు పరుగులిచ్చాడు, చివరికి 5-4తో గట్టెక్కించాడు. అదీ ఒకటే, ఇదీ ఒకటే.

మా ఆఫీసులో క్లోజ్ చేసిన టికెట్లు లెక్కపెడతారు. పోయినేడు నావి చాలా ఎక్కువ, అన్నవి తక్కువ. అర్ధరాత్రి సర్వర్లు పడిపోతే ఫోన్ వెళ్ళేది ఆయనకే. ఒక్కోటి తెల్లారేదాకా పట్టేది, లెక్కలో మాత్రం ఒక్క టికెట్టే. మంచి రేటింగ్ నాకొచ్చింది. నేనేం మాట్లాడలేదు.

ఇప్పటికీ నా ఓటు రివేరాకే. కానీ 652 చూసి కాదు. 2003లో రెడ్ సాక్స్‌తో ఏడో ఆటలో తొమ్మిది, పది, పదకొండు ఇన్నింగ్స్ వరసగా వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆట ఆయన చేతుల్లోనే పోయింది, ఆరోజు కూడా ఎనిమిదిలోనే వచ్చాడు. పోస్ట్‌సీజన్ మొత్తం 141 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 0.70. పెద్ద అంకె అడ్డం రావడంతో ఇవేవీ నాకు కనపడలేదు.

అన్నకి ఇదంతా చెప్పాను. "ఆఁ, ఇప్పుడు వాదిస్తున్నావు" అని నవ్వాడు. గోసేజ్‌ని మాత్రం వదల్లేదు.

టికెట్ల సంగతి మా మధ్య ఇంకా రాలేదు. ఎత్తాల్సింది నేనే.