తీగ లేని మైకు

మైకులు వచ్చిన తొలినాళ్ళలో పద్యనాటకమున నటుడు వాని ముందు నిలిచియే పాడవలసి వచ్చెడిది. నేడు శ్రీకృష్ణ వేషధారి వేదికయంతయు స్వేచ్ఛగా తిరుగును. చిన్న మైకు దుస్తులలో ఇమిడిపోవును. దాని ట్రాన్స్‌మిటరు నడుమున పట్టుపంచె మాటున దాగియుండును. కాని రాగాలాపన మంచి పట్టున నున్నపుడే ఒక్కొక్కసారి ధ్వని తెగిపోవును. పాపము, ప్రేక్షకులు నటుని గొంతునే శంకింతురు!

దోషమంతయు దేహమునందున్నది. మానవశరీరమున సగమునకు పైగా నీరే. అందు లవణములు కరగియున్నవి. అట్టి నీరు రేడియో తరంగములను పీల్చుకొనును. 600 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 50 సెంటీమీటర్లు. అందు నాలుగవ వంతు, అనగా 12.5 సెంటీమీటర్ల పొడవుగల ఏంటెన్నా ఒంటిని అంటియున్నచో దాని శక్తిలో పెద్ద భాగము దేహముననే అణగిపోవును. చెమట పట్టినచో నష్టము మరింత హెచ్చును.

ఇందుకై ఖరీదైన యంత్రములు కొననక్కరలేదు. ట్రాన్స్‌మిటరునకును ఒంటికిని నడుమ పొడి స్పాంజి ముక్క నుంచి, ఏంటెన్నాను మడవక, చుట్టక, తిన్నగా వదలినచో చాలవరకు మేలు కలుగును. వడ్డాణము వంటి లోహపు నగలు దానికి తగులరాదు. రిసీవరు ఏంటెన్నాను జనుల తలలకంటె ఎత్తున, నటుడు సూటిగా కనబడుచోట నిలుపవలెను. అయినను అతడు వెనుదిరిగినపుడు దేహమే అడ్డగును గనుక, నాటకమునకు ముందు పూర్తి వేషముతో వేదిక నలుమూలల తిరిగి ఒక పద్యము పాడి చూచుట మంచిది.