ఇంజను ఏమంటోంది?

మన సినిమాల్లో కారు పాడవడమంటే ఎంత హాయో! అడవి దారిలో బండి ఆగిపోతుంది. హీరో బానెట్ ఎత్తుతాడు. గుప్పుమని పొగ! అంతలో వాన. హీరోయిన్ తడుస్తుంది. పాట మొదలవుతుంది. పాటయ్యాక కారు దానంతటదే స్టార్టవుతుంది. అసలు దానికొచ్చిన రోగమేమిటో దర్శకుడూ చెప్పడు, మనమూ అడగం.

బయట మాత్రం పాట ఉండదండీ... బిల్లు ఉంటుంది!

మా నాన్నగారు రాజమండ్రిలో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. గోదావరి గట్టున షూటింగంటే చాలు, యూనిట్ వాళ్లు ఆ బండే మాట్లాడుకునేవారు. ఆయన పోయాక కారు మా ఇంట్లోనే ఉండిపోయింది. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, మా అమ్మ మటుకు దాన్ని అమ్మనివ్వదు. నెలకోసారి కొవ్వూరులో పిన్ని ఇంటికి అందులోనే వెళ్లాలి!

కిందటేడు వేసవిలో అలా వెళ్లి తిరిగొస్తున్నాం. రోడ్-కమ్-రైలు వంతెన మీద ఉండగా కింద రైలు పోతోంది. రైలు చప్పుడు ఆగింది కానీ, ఇంకో చప్పుడు మిగిలిపోయింది. టక్... టక్... టక్! యాక్సిలరేటర్ తొక్కితే టకటకలు జోరందుకుంటాయి, వదిలితే నెమ్మదిస్తాయి. ఇంటికొచ్చి న్యూట్రల్లో నిలబెట్టినా అదే వరస. అంటే చక్రాలది కాదు, బానెట్ కిందదే! ఆయిల్ చూశాను. సరిగ్గానే ఉంది.

మర్నాడు ఓ షెడ్డుకి తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు బానెట్ ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "రాడ్ బేరింగు పోయింది సార్. ఇంజను దింపాలి. 40,000 అవుద్ది. అంత పెట్టేకంటే తుక్కు కింద ఇచ్చేయండి. మనోడొకడున్నాడు, నంబరిస్తా."

ఆ రాత్రి అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. "మీ నాన్నయితే చెవితోనే చెప్పేసేవారు" అంది. అంతే.

నాన్నగారి బండి చూసిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ మావయ్యా అనే పిలుస్తాను. "ఇంజను దింపాలట మావయ్యా" అన్నాను.

"దింపుదువుగాని, ఆగరా అబ్బాయ్! ముందది ఏమంటుందో వినొద్దూ?"

ఇంజను నడుస్తుండగానే ఒక్కో సిలిండర్ ప్లగ్గు వైరూ తీసి చూశాడు. రాడ్ బేరింగు అరిగితే, ఆ సిలిండర్లో మంట ఆగగానే పిస్టన్ మీది తోపు తగ్గి చప్పుడు మెత్తబడాలట. నాలుగూ తీసి పెట్టాడు. తేడా లేదు! తర్వాత టాపెట్ల వంతు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన వాల్వు కవరు మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. డాక్టరుగారి స్టెతస్కోపులాగే! అక్కడ చప్పుడు సన్నంగానే ఉంది. మొనని ఇంజను ముందుభాగానికి జరిపేకొద్దీ పెరిగింది.

ఇంజను ఆపి, ఫ్యాన్ బెల్టు ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. చేశాను.

టకటకల్లేవు!

"ఇక ఆపెయ్. నీళ్లు తిప్పే పంపు నడవకపోతే ఇంజను కాగిపోద్ది" అన్నాడు.

ఆ బెల్టు తిప్పేవి రెండే - డైనమో, వాటర్ పంపు. డైనమో పుల్లీ పట్టుకు ఊపితే గట్టిగానే ఉంది. పంపుకి బిగించిన ఫ్యాను మాత్రం కదిలిన పన్నులా అటూ ఇటూ ఊగింది. పంపు బేరింగు అరిగిందన్నమాట! దోషి దొరికాడు. ఇంజను నిర్దోషి!

ఈ పద్ధతి మన సినిమా వాళ్లకి కొత్తేం కాదు. రీరికార్డింగ్ థియేటర్లో మాటలు, సంగీతం, ఎఫెక్టులు వేర్వేరు ట్రాకుల్లో ఉంటాయి. ఎక్కడో గరగర వినిపిస్తే ఇంజనీరు సినిమా మొత్తం చెత్తబుట్టలో వేయడు. ఒక్కో ట్రాకూ ఆపుకుంటూ పోతాడు. ఏది ఆపితే గరగర పోతుందో అదే దొంగ!

మీకో బండి ఉంటే ఓ మాట. చప్పుడు ఎప్పుడొస్తోందో ముందు చూడండి. బరువుతో ఎత్తెక్కేటప్పుడు మాత్రమే గలగలమంటే పెట్రోలునో, ఇగ్నిషన్ టైమింగునో అనుమానించాలి. లోపల్నుంచి బరువైన దెబ్బలు వినిపిస్తూ ఆయిల్ దీపం కూడా వెలిగితే మాత్రం ఇంజను అక్కడికక్కడే ఆపేయాలి. ఇప్పటి కార్లలో ప్లగ్గుల దగ్గర చేతులు పెట్టి ప్రయోగాలు చేయకండి. ఆ వైద్యం పాత బళ్లకే. కానీ వినడానికి కొత్తా పాతా లేదు. వినకుండా "దింపేద్దాం" అన్నవాడికి ఇంజను ఇవ్వకండి!

కొత్త పంపు బిగించడానికి ఒక్క పూట పట్టింది. ఆ తర్వాతి వారం మేం కొవ్వూరు వెళ్తుంటే తుక్కు వ్యాపారి ఫోన్ చేశాడు. నేను డ్రైవింగులో ఉన్నానని అమ్మే తీసింది.

"కారెక్కడుందమ్మా, వచ్చి చూసుకుంటాను?"

"నేనందులోనే ఉన్నాను నాయనా... పెట్టెయ్!"