తేలిక కారు, బరువైన సేవ

యుద్ధకాలపు రన్‌వేల మీద ఎదిగిన లోటస్ ఎలీజ్‌ను నడపడానికి ఓ పూట చాలు. దాన్ని నడిచే స్థితిలో ఉంచడానికే ఏడాదంతా కావాలి.

లండన్ నుంచి ఈశాన్యంగా 180 కిలోమీటర్లు వెళితే నార్ఫోక్ కౌంటీలో ఉంటాం. కొండలు లేవు. కనుచూపు మేర చదునైన పొలాలు, చక్కెర తీసే బీట్ దుంపల పంట, చెకుముకి రాళ్లతో కట్టిన పాత చర్చిలు. పర్యాటకులు వచ్చినా సముద్ర తీరం వైపు పోతారు తప్ప ఈ పొలాల మధ్య ఆగరు. కానీ నేల ఇంత చదునుగా ఉండటం, సముద్రం దాటితే జర్మనీ దగ్గర కావడం 1940లలో ఈ ప్రాంతం తలరాత మార్చేశాయి. బ్రిటన్, అమెరికా బాంబర్ విమానాల కోసం పొలాల మధ్య వరసగా ఎయిర్‌ఫీల్డులు వేశారు. యుద్ధం ముగిశాక విమానాలు వెళ్లిపోయాయి, కాంక్రీటు మిగిలింది. కొన్నిచోట్ల దాన్ని తవ్వి పారేశారు, కొన్నిచోట్ల దాని మీదే టర్కీ కోళ్ల షెడ్లు లేచాయి. హెథెల్, స్నెటర్టన్ అనే రెండు ఊళ్లలో మాత్రం కార్లు వచ్చి చేరాయి. రెండింటి మధ్య దూరం పాతిక కిలోమీటర్ల లోపే. తేలికపాటి స్పోర్ట్స్ కారు అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఈ పాతిక కిలోమీటర్లు చాలు.

హెథెల్ నుంచి అమెరికన్ 389వ బాంబ్ గ్రూపు బి-24 లిబరేటర్ విమానాలు జర్మనీ మీదికి ఎగిరేవి. ఆ సైనికుల ప్రార్థన మందిరం ఇప్పుడు చిన్న మ్యూజియం. దాని పొరుగునే లోటస్ కార్ల కంపెనీ. వ్యవస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ 1966లో ఫ్యాక్టరీని ఇక్కడికి తెచ్చాడు. కార్లు పరీక్షించుకోవడానికి సొంత రన్‌వే దొరకడం కన్నా ఆయనకు కావలసిందేముంది? చాప్‌మన్ చదివింది స్ట్రక్చరల్ ఇంజనీరింగ్. ఇంజన్ శక్తి పెంచితే కారు తిన్నటి రోడ్డు మీదే వేగం పుంజుకుంటుంది, బరువు తగ్గిస్తే మలుపుల్లోనూ, బ్రేకు వేసేచోటా లాభమేనన్నది ఆయన సిద్ధాంతం. 1957 నాటి లోటస్ సెవెన్‌లో తలుపులు కూడా సరిగా ఉండవు. ఆ కారు హక్కులు 1973లో కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి. చిన్నపాటి మార్పులతో అది ఇంకా తయారవుతూనే ఉంది.

చాప్‌మన్ 1982లో చనిపోయాడు. ఆయన తర్వాత డీలా పడ్డ కంపెనీని నిలబెట్టింది 1996లో వచ్చిన ఎలీజ్. అప్పటి యజమాని రొమానో ఆర్టియోలి మనవరాలు ఎలీసా పేరే దానికి పెట్టారు. బరువు సుమారు 725 కిలోలు. ఈ అంకెను మన రోడ్ల మీదికి తెచ్చి చూడండి: మారుతి 800 బరువు దాదాపు 650 కిలోలు. అంటే మారుతికి ఇంకో మనిషిని తగిలిస్తే ఎలీజ్! కాకపోతే మారుతిలో ఉన్నది 37 గుర్రాలు, ఇందులో 118. ఆ ఇంజన్ కూడా రేసుల కోసం చేసింది కాదు. రోవర్ కంపెనీ మామూలు కార్లకు వాడే 1.8 లీటర్ల ఇంజనే. గొప్పతనమంతా చట్రంలో ఉంది. అల్యూమినియం పట్టీలను వెల్డింగ్ చేయకుండా, విమానాల తరహాలో జిగురుతో అతికించారు. చట్రం మొత్తం 68 కిలోలే. దాని మీద ఫైబర్‌గ్లాస్ తొడుగు. పవర్ స్టీరింగ్ లేదు, ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు టైర్ల వెడల్పు 185 మిల్లీమీటర్లు. మన ఊళ్లో మామూలు హ్యాచ్‌బ్యాకులకు ఉండేంతే.

నాకు ఈ కారును దగ్గరగా చూపించింది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఓ మత్తు డాక్టరు. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో తెలుగు డాక్టర్లు కనబడటం వింత కాదు, వాళ్ల గ్యారేజీలో పాతికేళ్ల ఎలీజ్ కనబడటమే వింత. "పేషెంటును బల్ల మీదికి ఎక్కించే ముందు ఏం చూస్తామో దీనికీ అంతేనండి. ముందే చూసుకోవాలి, తర్వాత చూసేదేం ఉండదు" అన్నారాయన.

మొదట చూసేది కూలెంట్. ఎలీజ్‌లో ఇంజన్ సీట్ల వెనక ఉంటుంది, రేడియేటర్ కారు ముక్కు దగ్గర. రెండింటి మధ్య నీళ్లు తలుపుల కింద అంచుల్లోని పైపుల గుండా పోయి రావాలి. రోవర్ ఇంజన్‌లో పట్టే కూలెంట్ తక్కువ. కాస్త కారిపోయినా, పైపుల్లో గాలి బుడగ చిక్కినా వేడి అమాంతం పెరిగి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. ఈ ఇంజన్‌కు అపకీర్తి తెచ్చిన రోగం అదే. అందుకే డాక్టరు వారానికోసారి మూత తీసి మట్టం చూస్తారు. స్టార్ట్ చేశాక ఇంజన్ ఆయిల్ వేడెక్కేదాకా యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కరు. తొక్కేవాళ్లను చూస్తే ఆయన మొహం మాడిపోతుంది.

తర్వాత బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. రోజువారీ తిరుగుడులో తేడా తెలియదు కానీ, ట్రాక్ మీద బ్రేకులు కాలిపోయే వేడికి ఆ తేమ ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ మెత్తటి దిండులా లోపలికి పోతుంది, కారు మాత్రం ఆగదు. ఏడాదికోసారి ఆయిల్ మార్చడం ఆయన దృష్టిలో ఖర్చు కాదు. ఇక వెనక చక్రాలు పక్కకు తిరగకుండా పట్టి ఉంచే కడ్డీ ఒకటుంది. దాని కీలు అరిగి, మలుపులో విరిగితే వెనక చక్రం తన దారిన తాను పోతుంది. ట్రాక్ మీద తిప్పేవాళ్లు దాని బదులు మరింత బలమైనది వేయించుకుంటారు. వీల్ అలైన్‌మెంట్ కూడా కారు ఖాళీగా ఉన్నప్పుడు చేయకూడదు. సీట్లలో మనుషుల బరువు పెట్టి చేయాలి. 75 కిలోల మనిషి ఎక్కితే కారు బరువులో పదో వంతు ఎక్కినట్టే కదా. 20 లీటర్ల పెట్రోలు అంటే ఇంకో 15 కిలోలు. డాక్టరు గారి కారులో స్పేర్ టైరు లేదు, రేడియో తీసేశారు. భోజనానికి పిలిచినప్పుడు రెండోసారి వడ్డించబోయిన వాళ్లావిడతో "ఈయన రేపు కారెక్కాలి" అని ఆయనే నా విస్తరి కాపాడారు.

శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అల్యూమినియం చట్రం దాన్ని కొంత తట్టుకుంటుంది కానీ సస్పెన్షన్‌లోని ఇనప భాగాలు తుప్పు పడతాయి. పార్కింగులో ఎవరైనా చిన్నగా తగిలిస్తే మరో తంటా. ముందు భాగమంతా ఒకే ఫైబర్‌గ్లాస్ తొడుగు కాబట్టి డెంటింగ్, పెయింటింగ్‌తో పోయేది కాదు. చట్రానికే దెబ్బ తగిలిందంటే బీమా కంపెనీ చాలాసార్లు కారునే వదులుకోమంటుంది.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవారికి లోటస్ చరిత్రే జవాబు. 1968లో హాకెన్‌హైమ్‌లో జిమ్ క్లార్క్, 1970లో మోంజాలో యోహెన్ రింట్ లోటస్ రేసు కార్లలోనే ప్రాణాలు కోల్పోయారు. రింట్ కారులో ముందు బ్రేకు షాఫ్ట్ విరిగింది. ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ బిరుదు ఆయనకు మరణానంతరం దక్కింది. బరువు తగ్గించడంలో ఎక్కడ ఆగాలన్నది చాప్‌మన్ మీద ఆయన బతికుండగానే వచ్చిన ప్రశ్న. ఎలీజ్ రేసు కారు కాదు, దాని చట్రం గట్టిదే. కానీ అవసరానికి మించిన లోహం ఎక్కడా లేని కారులో అరిగిన భాగాన్ని ఆదుకునే మరో భాగం ఉండదు.

ఎలీజ్‌లోకి ఎక్కడం అనే మాట తప్పు, దిగడం అనాలి. తలుపు కింది అంచు వెడల్పుగా, ఎత్తుగా ఉంటుంది. ఒక కాలు లోపల పెట్టి, వీపు వంచి, బావిలోకి జారినట్టు జారాలి. యాభై దాటిన నడుముకు ఇది పరీక్షే. హెథెల్ నుంచి బయల్దేరి విండమ్ మీదుగా వెళ్లాం (ఊరి బోర్డు మీద అక్షరాలన్నీ పలికితే వైమండ్‌హమ్ అవుతుంది. అలా పలికితే ఇక్కడివాళ్లు నవ్వుతారు). పొలాల మధ్య సన్నటి రోడ్డు, రెండు పక్కలా గుబురు కంచెలు, గుడ్డి మలుపులు. ఇలాంటి రోడ్ల మీద పరిమితి గంటకు 60 మైళ్లు, అంటే 96 కిలోమీటర్లు. మేం చాలాచోట్ల అంతకూ పోలేదు. పోనక్కర్లేదు కూడా. 70 కిలోమీటర్ల వేగంలోనే రోడ్డు మీది ప్రతి అతుకు, ప్రతి తడి మరక స్టీరింగ్ ద్వారా అరచేతికి తెలుస్తుంది. ట్రాక్టర్లు పొలంలోంచి మోసుకొచ్చిన బురద మీద చక్రం కాస్త జారితే ఆ సంగతి కంటి కన్నా ముందు చేతికే అందుతుంది. రెండు టన్నుల ఎస్‌యూవీలో 120లో పోతున్నా ఏమీ తెలియదు. మన ఔటర్ రింగ్ రోడ్ల మీద కుర్రాళ్లు ప్రాణాలు పోగొట్టుకోవడానికి ఆ తెలియకపోవడం కూడా ఓ కారణమేమో.

అసలు వేగం చూడాలంటే స్నెటర్టన్ ట్రాక్ ఉంది. ఇదీ అమెరికన్ బాంబర్ల ఎయిర్‌ఫీల్డే. 1950లలో రేసులు మొదలయ్యాయి. 2011లో మార్చిన రూపంలో ఒక చుట్టు 4.78 కిలోమీటర్లు. రేసులు లేని రోజుల్లో రెండు మూడు వందల పౌండ్లు కట్టి ఎవరైనా సొంత కారుతో రావచ్చు. దీన్ని ట్రాక్ డే అంటారు. పొద్దున్నే లైసెన్సు చూపించాలి, సైలెన్సర్ దగ్గర మైకు పెట్టి చేసే శబ్ద పరీక్షలో నెగ్గాలి, నిబంధనల పాఠం వినాలి, హెల్మెట్ పెట్టుకోవాలి. చుట్టుకు ఎంత సమయం పట్టిందో లెక్కపెట్టడం నిషిద్ధం. ముందున్న కారు సైగ చేసి దారి ఇస్తేనే దాటాలి. రోడ్డు మీద చెల్లే బీమా ఇక్కడ సాధారణంగా చెల్లదు. మన దగ్గర హారన్ కొట్టి దాటేవారికి ఇది మఠంలా తోస్తుంది.

ఏ11 హైవేకు సమాంతరంగా సాగే బెంట్లీ స్ట్రెయిట్ మీద పెద్ద ఇంజన్ల కార్లు మమ్మల్ని సునాయాసంగా దాటేశాయి. ఆ తిన్నటి దారి చివర అవన్నీ తొందరగా బ్రేకులు వేశాయి. డాక్టరు ఇంకాస్త ఆగి వేశారు. కారణం లెక్కల్లో ఉంది. అదే వేగంలో సగం బరువున్న కారును ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి కూడా సగమే. అక్కడి నుంచి నెల్సన్ మలుపు, యుద్ధాన్ని గుర్తుచేసే పేరున్న బాంబ్ హోల్ అనే పల్లం, దాని వెంటనే ముగింపే లేదనిపించే కోరమ్ వంపు. బాంబ్ హోల్‌లోకి దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు హఠాత్తుగా తీయకూడదు. తీస్తే బరువంతా ముందుకు వాలి, ఇంజన్ మోస్తున్న వెనక భాగం పక్కకు తిరిగిపోతుంది. ఒక కుర్రవాడి కారు మా కళ్ల ముందే అలా రెండు చుట్లు తిరిగి గడ్డిలో ఆగింది. దెబ్బలేం తగల్లేదు. ఆ పొరపాటు ఊరి రోడ్డు మీద జరిగి ఉంటే ఎదురుగా లారీ ఉండేది. నాలుగైదు చుట్లు కాగానే డాక్టరు ఓ చుట్టు బ్రేకు ముట్టుకోకుండా నెమ్మదిగా తిప్పి, గాలికి అన్నీ చల్లబడ్డాకే లోపలికి తెచ్చారు. దిగగానే టైర్లలో గాలి చూసి, టార్క్ రెంచితో చక్రాల బోల్టులు మళ్లీ బిగించారు. ఆ రోజు ఎక్కువ సేపు గడిచింది కారు లోపల కాదు, పక్కన మోకాళ్ల మీద.

రన్‌వే మీద రేసులంటే మనకూ కొత్త కాదు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో షోలవరం దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీదే దశాబ్దాల పాటు రేసులు జరిగాయి. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి అనే ఒంటి సీటు రేసు కారు తయారు చేశారు. ఉన్న చిన్న ఇంజన్‌కు తగ్గట్టు బరువు దించుకోవాలన్నది చాప్‌మన్ దారే. నారాయణ్ కార్తికేయన్ రేసులు మొదలుపెట్టింది ఆ కారుతోనే. షోలవరం రేసులు నడిపిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఇందూ చాంధోక్ మనవడు కరుణ్ 2011లో జర్మన్ గ్రాండ్ ప్రీలో టీమ్ లోటస్ కారు నడిపాడు. ఆ జట్టు అప్పట్లో ఉన్నది హెథెల్‌కు దగ్గర్లోని హింగమ్‌లో, ఈ నార్ఫోక్‌లోనే.

కానీ కార్లు బరువెక్కుతున్నాయి. కొంతవరకు అది న్యాయమే. ఎయిర్‌బ్యాగులు, ఢీకొంటే తట్టుకునే కడ్డీలు ప్రాణాలు కాపాడుతున్నాయి, మొదటి ఎలీజ్‌లో అవి లేవు. మిగతాది మోజు, బ్యాటరీ. ముప్ఫయ్యయిదు వేలకు పైగా తయారయ్యాక 2021లో ఎలీజ్ ఆగిపోయింది. దాని చోటులో హెథెల్‌లో మొదలైన ఎమిరా బరువు 1,400 కిలోల పైమాట. 2017 నుంచి చైనా కంపెనీ గీలీ చేతిలో ఉన్న లోటస్, 2023లో భారత మార్కెట్‌లోకి వస్తూ ముందుగా తెచ్చింది ఎలెత్రే అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీని. వూహాన్‌లో తయారయ్యే దాని ధర అప్పుడు రెండున్నర కోట్ల పైన, బరువు దాదాపు రెండున్నర టన్నులు. మూడు ఎలీజ్‌లను తూకం వేస్తే ఇంకా ఇవే తేలిపోతాయి! 2025 ఆగస్టులో కంపెనీ బ్రిటన్‌లో 550 దాకా ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. హెథెల్ చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లు గడిచేది ఆ జీతాల మీదే.

రోవర్ సంస్థ 2005లోనే కుప్పకూలింది. పాత ఎలీజ్‌లకు గ్యాస్కెట్లు, కడ్డీలు, పైపులు ఇప్పుడు చిన్న చిన్న సంస్థలు చేసి అమ్ముతున్నాయి. డాక్టరు తన కారును చూపించే వర్క్‌షాప్ ఓ పాత ధాన్యపు కొట్టం. ఇద్దరే మెకానిక్కులు, ఇద్దరూ హెథెల్‌లో పనిచేసి వచ్చినవాళ్లే. ట్రాక్ నుంచి తిరిగొచ్చాక వెనక కడ్డీ కీలు ఓసారి విప్పి చూడమని డాక్టరు వాళ్లకు ఫోన్ చేశారు. మూడు వారాల దాకా ఖాళీ లేదట. అప్పటివరకూ ట్రాక్ మీదికి తీసుకెళ్లొద్దని చెప్పారట. ఆయన కారుకు కవరు కప్పి, మర్నాడు ఆసుపత్రికి వాళ్లావిడ చిన్న కారులో వెళ్లారు.